మార్చి చూద్దాం

డాక్టరు దగ్గరికి వెళ్లి ఇంకా నోరు విప్పకముందే "ముందు లివరు తీసేద్దాం, తగ్గకపోతే కిడ్నీ చూద్దాం" అన్నాడనుకోండి. ఏం చేస్తాం? చెప్పులేసుకుని లేచి వచ్చేస్తాం. అదే మాట మెకానిక్ అంటే మాత్రం "సరే, ఎంతవుతుంది?" అని జేబు తడుముకుంటాం. ఒడిశాలోని మా బరంపురంలో 1962 నుంచీ ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది. అక్కడి పిల్లలు ఏళ్ల తరబడి చదివి, మెడలో స్టెతస్కోపు వేసుకుని కూడా, తమ చెవి మీద తమకే నమ్మకం చాలక రక్తపరీక్ష రాస్తారు. హైవే పక్కనున్న వైద్యుడికి అలాంటి అనుమానాలేమీ ఉండవు. ఒక చెవి బండివైపు పడేసి, కళ్లు మూసుకుని "రేసివ్వండి" అంటాడు. రెండుసార్లు ఇస్తాం. కళ్లు తెరిచి "పంపు పోయింది" అంటాడు. పరీక్ష అయిపోయింది.

మాది 1996 మోడల్ మెటాడోర్. పెళ్లిళ్లకీ సింహాచలం యాత్రలకీ తిరిగి తిరిగి రిటైరైన బండి. నేనూ రిటైరయ్యాక దాన్ని కొన్నాను. ఇప్పుడు ఇద్దరం ఒకే పెన్షన్ మీద బతుకుతున్నాం. వెనక సీట్లు పీకించి పరుపు వేయించాను. చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల డబ్బా, కిటికీలకి మా ఆవిడ పాత చీరల తెరలు. క్యాంపర్ వ్యాన్ అని మా బావమరిది పేరు పెట్టాడు. వీధిలో పిల్లలు పడకబండి అంటారు. తయారుచేసిన బజాజ్ టెంపో వాళ్లు 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకున్నారు గానీ మా బండి మాత్రం పాత పేరుతోనే తిరుగుతోంది.

ఊళ్లో ఎంత తిప్పినా దానికి ఏ పేచీ లేదు. కూరగాయలకి వెళుతుంది, గోపాలపూర్ వెళ్లి సముద్రం చూసి వస్తుంది. చిలికా సరస్సుకి బయల్దేరితేనే తంటా. ఛత్రపురం దాటి, గంజాం దగ్గర ఋషికుల్య వంతెన దాటి, రంభ వచ్చేసరికి నీరసం మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే పలకదు. నాలుగు కుదుపులు కుదిపి ఖల్లికోట దగ్గర ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద కూర్చుంటే ఏమీ ఎరగనట్టు సెల్ఫ్‌కి అందుకుంటుంది. ఒకసారి కాదు, వరసగా మూడు ప్రయాణాల్లో ఇదే వరస.

ఖల్లికోట అంటే మా బరంపురం వాళ్లకి ముందు గుర్తొచ్చేది మా ఊళ్లోని కాలేజీ, తర్వాతే ఆ ఊరు. 1878లో పుట్టి, ఖల్లికోట రాజావారి పేరు పెట్టుకుని, ఇప్పుడు యూనివర్సిటీ అయింది. చదువులకి పేరిచ్చిన ఊరి దగ్గరే మా బండి తెలివి తప్పడం మొదట్లో నాకు తమాషాగా ఉండేది. మా పిన్నికి తమాషాగా లేదు. "అక్కడేదో ఉందిరా, నిమ్మకాయ కట్టు" అంది. కట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే మొత్తం వైద్యంలో అతి చవకైనది ఆ నిమ్మకాయే. పనిచెయ్యకపోవడంలో అది మిగతా వేటికీ తీసిపోలేదు.

మొదటి షెడ్డులో నాజిళ్లు నాలుగూ మార్చారు. రెండో షెడ్డులో "నాజిళ్లు ఎవడు మార్చాడండీ, రోగం ఫీడ్ పంపులో ఉంటే" అని అది మార్చారు. మూడోచోట పెద్ద పంపు దించి కాలిబ్రేషన్‌కి పంపారు. ఖల్లికోట దగ్గరున్న షెడ్డులో మేస్త్రీ పొగ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, వాసన చూసి, "హొయిజిబొ ఆజ్ఞా" అన్నాడు. అయిపోతుందండీ అని భరోసా. ఏమవుతుందో చెప్పలేదు. ఆఖరుకి మా వీధి చివరి షెడ్డులో తీర్పు వచ్చింది: "బోరుకొచ్చేసింది మాస్టారూ, హెడ్ దించాల్సిందే." మా గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. భాషలు పంచుకున్నారు, ఊళ్లు పంచుకున్నారు. 'మార్చి చూద్దాం' అన్న మాటకి మాత్రం సరిహద్దు గీయలేకపోయారు. అది తెలుగులోనూ ఒడియాలోనూ ఒకే ధర పలుకుతుంది.

బోరు అరిగిన ఇంజన్ అరగంట చెట్టు కింద కూర్చుంటే బాగుపడుతుందా? మనం టీ తాగేలోగా రింగులు మళ్లీ మొలుస్తాయా? బోరుకొచ్చిన బండి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికే ఏడుస్తుంది, నీలం పొగ కక్కుతుంది, ఆయిలు తాగుతుంది. మా బండి పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి లేస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు గీత దగ్గరే ఉంటుంది. ఇవేవీ ఎవరూ చూడలేదు. చూడకుండానే హెడ్ దించడానికి ముహూర్తం పెట్టారు.

అసలు పాత డీజిల్ ఇంజన్ అంత దాపరికం లేని ప్రాణి మరొకటి లేదు. దానికి స్పార్క్ ప్లగ్ లేదు, కంప్యూటర్ లేదు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కిస్తుంది, అందులోకి డీజిల్ చిమ్ముతుంది, మండుతుంది. గాలి, డీజిల్, నొక్కుడు, ఈ మూడింట్లో ఏది తగ్గిందో తానే చెప్పుకుంటుంది. నల్లపొగ వస్తే డీజిల్‌కి తగ్గ గాలి లేదని. తెల్లపొగ వస్తే డీజిల్ మండకుండా పోతోందని, లేదా నీళ్లు చేరాయని. ఒక సిలిండరే పనిచెయ్యడం లేదని అనుమానమా? ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేస్తే సరి. దేన్ని వదిలినా చప్పుడు మారకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. లైన్లో ఎయిర్ పట్టిందా? ఫిల్టరు ముందు జానెడు అద్దంలాంటి ప్లాస్టిక్ గొట్టం వేస్తే బుడగలు కంటికే కనబడతాయి. వీటిలో ఏ ఒక్క పరీక్షకీ టీ ఖర్చు మించదు. అందుకే ఎవరూ చెయ్యరు.

ఒక కుర్ర మెకానిక్ మాత్రం నిజాయితీగా చేతులెత్తేశాడు. స్కానర్ పట్టుకుని బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, "ప్లగ్గు ఎక్కడ పెట్టాలి సార్?" అన్నాడు. దీనికి లేదు నాయనా అన్నాను. "అయితే ప్రాబ్లం లేనట్టే" అన్నాడు. పెద్దవాళ్ల జబ్బు చూడకుండానే చెప్పడమైతే, కుర్రాళ్లది తెర మీద రాకపోతే జబ్బే లేదనడం. రెండోదానికి బిల్లు రాలేదు కాబట్టి నా ఓటు దానికే.

ఇంతలో సాక్ష్యం మా చేతికే వచ్చింది, మేం పారేసుకున్నాం. మూడోసారి ఆగినప్పుడు డీజిల్ ఎక్కడైనా కారి అయిపోయిందేమోనని మా బావమరిది క్యాన్‌తో అయిదు లీటర్లు తెచ్చాడు. ట్యాంకు మూత తిప్పగానే పాము బుసకొట్టినట్టు 'స్స్స్' మంది. పోశాం, వెంటనే స్టార్ట్ అయింది. "చూశావా బావా, మీటరు అబద్ధం చెబుతోంది!" అన్నాడు. మర్నాడు డీజిల్ మీటరు, లోపలి ఫ్లోటు మార్పించాం. షెడ్డువాళ్లనే ఎందుకనాలి, ఆ బుస విని కూడా మీటరు మార్పించిన ఘనులం మేం.

తర్వాతి ప్రయాణంలో ఆగినప్పుడు డీజిల్ పొయ్యకుండా ఉత్త మూత తిప్పాను. మళ్లీ బుస. ట్యాంకు గాలి పీల్చుకుంది. సెల్ఫ్ కొడితే లేచింది. మూత వదులుగా పెట్టి బర్కూల్ దాకా, అక్కణ్నించి బాలుగావ్ దాకా పోయాను. ఒక్క కుదుపు లేదు. వచ్చేటప్పుడు ట్యాంకు నింపి, మూత బిగించి బయల్దేరితే దారిలో మళ్లీ చచ్చిపోయింది. విప్పితే బతికింది. నాకు తెలిసి ఆ బండి జీవితంలో జరిగిన మొదటి రోగనిర్ణయం అదే. మార్చింది ఒక్కటే, తిరిగి పెడితే రోగం తిరిగి వచ్చింది. మార్చి చూద్దాం అన్న మాటలో తప్పు లేదు. మనవాళ్లు మారుస్తారు, చూడరు.

మూతకి చిన్న చిల్లు ఉంటుంది. డీజిల్ బయటికి పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా. నూనె డబ్బాకి మా ఆవిడ రెండు చిల్లులు పెడుతుంది, ఒకటి నూనెకి, ఒకటి గాలికి. చిల్లు మూసుకుపోతే ట్యాంకు లోపల శూన్యం పెరిగి, పంపు ఎంత గుంజినా డీజిల్ రాదు. నిండు ట్యాంకులో ఖాళీ తక్కువ కనక ఇంకా తొందరగా ఆగుతుంది. దూరప్రయాణమని బరంపురంలో ఫుల్ ట్యాంకు కొట్టించడమే మా కొంప ముంచింది. ఊళ్లో మూడొంతులు ఖాళీ ట్యాంకుతో తిరుగుతాం కాబట్టి అక్కడ మహారాజులా నడిచింది. అరగంట చెట్టు కింద కూర్చుంటే రబ్బరు సందుల్లోంచి కాస్త కాస్త గాలి దూరి మళ్లీ లేచింది. ఖల్లికోటలో ఏ దెయ్యమూ లేదు.

ఆ చిల్లు ఎలా మూసుకుపోయింది? రాత్రి పడుకుంటే డీజిల్ కంపు కొడుతోందని మా ఆవిడ అంటే, మా బావమరిది సైకిల్ ట్యూబు కోసి మూత లోపల వాషర్ వేసి, చిల్లుకి ఎం-సీల్ పూశాడు. పరుపు వేసిన వారమే. రోగం మొదలైందీ ఆ నెలలోనే. అయిదు షెడ్లు తిరిగితే "ఈమధ్య బండికి ఏం చేశారు?" అని ఒక్కరు అడగలేదు. విరేచనాలని వెళితే ఏ ఆర్.ఎం.పీ అయినా నిన్న ఏం తిన్నావని అడుగుతాడు.

మా వీధి చివరి మేస్త్రీకి ఈ కథ చెప్పాను. పంపు విప్పి కళ్లు మూసుకుని బిగించగల పనివాడు, చేతిలో ఏ లోపమూ లేదు. అంతా విని నవ్వాడు. "చూసినందుకు ఎవరు డబ్బులిస్తారు మాస్టారూ? మార్చినందుకే ఇస్తారు. అరగంట కూర్చుని ఆలోచించి మూతకి చిల్లు పొడిచి రెండొందలడిగితే మీరిచ్చేవారా?" నేను నిజం చెప్పాను. ఇచ్చేవాణ్ని కాను.

కొత్త మూత ఎనభై రూపాయలు. తీసేసిన నాజిళ్లు నాలుగు, ఫీడ్ పంపు ఒకటి, డీజిల్ మీటరు, ఫ్లోటు మా అరుగు మీద గోనెసంచిలో ఉన్నాయి. కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లొచ్చు. అన్నీ శుభ్రంగా పనిచేస్తాయి.