గౌరవానికి బదిలీ ఉత్తర్వు

మా తిరుత్తణి వాళ్లకు బదిలీలంటే భయం లేదు. ఊరికి ఊరే ఒకసారి బదిలీ అయింది. సరిహద్దు తగవు తీర్చడానికి వచ్చిన పటాస్కర్ గారు గీసిన గీత ప్రకారం, చిత్తూరు జిల్లాలో పడుకున్న తాలూకా మద్రాసు రాష్ట్రంలో నిద్ర లేచింది. తేదీ 1960 ఏప్రిల్ 1. ముహూర్తం పెట్టిన అధికారి ఎవరో గానీ హాస్యప్రియుడే అయ్యుంటాడు. కొండమీద స్వామి కదల్లేదు, కింద జనం కదల్లేదు, రెవెన్యూ రికార్డులు మాత్రం మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాయి. బదులుగా సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రాకు పోయాయి. ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట.

కాబట్టి ఏ రోగానికైనా బడి శాఖ బదిలీ అనే ఒకే మాత్ర చేతిలో పెడుతుంటే నాకు వింతగా ఉండదు. పిల్లాణ్ణి పిల్లలు ఏడిపించినా అదే మాత్ర, అయ్యవారు పిల్లాణ్ణి కించపరిచినా అదే మాత్ర, బయటినుంచి వచ్చిన వక్త అయ్యవారినే కించపరిచినా అదే. అవమానం ఎలా జరిగిందో విచారించే ఓపిక ఎవరికీ లేదు. మనుషుల్ని ఒక చోటినుంచి ఇంకో చోటికి పంపే అధికారం మాత్రం అందరికీ ఉంది.

ఈ మందు ఎంత గొప్పదంటే, రోగం లేనివాళ్లకు కూడా పోస్తారు. 2018 జూన్‌లో పళ్లిపట్టు దగ్గర వెళియగరం ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జరిగింది అదే. అక్కడ జి.భగవాన్ అని ఒక ఇంగ్లీషు మాస్టారు. వయసు ఇరవై ఎనిమిది. 2014లో చేరాడు, మొదటి ఉద్యోగం. ఆయన చేసిన నేరమల్లా పిల్లల పేర్లతోపాటు వాళ్ల ఇళ్ల సంగతులు కూడా అడిగి తెలుసుకోవడం, పాఠం మధ్యలో కథలు చెప్పడం, అన్నలా మసలుకోవడం. ఇలాంటివి ఎక్కువ రోజులు చూస్తూ ఊరుకుంటే ప్రమాదం కదా. విద్యార్థుల నిష్పత్తి లెక్క తీశారు. బడిలో అయ్యవార్లు ఎక్కువయ్యారని తేలింది. అందరికంటే జూనియర్ ఎవరు? భగవాన్. పంపండి తిరుత్తణి దగ్గర అరుంగుళానికి!

ఉత్తర్వు పట్టుకుని బయల్దేరబోతే పిల్లలు గేటు దగ్గర ఆయన్ని చుట్టుకుపోయారు. చొక్కా పట్టుకుని, నడుము పట్టుకుని, భుజం మీద తల పెట్టి ఏడ్చారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. తల్లిదండ్రులు కూడా పిల్లల పక్షాన నిలబడ్డారు. చివరికి శాఖ కరుణించి బదిలీని పది రోజులు ఆపింది. పది రోజులు! ప్రేమకు పది రోజుల సెలవు మంజూరు. ఇంతకంటే ఎక్కువిస్తే మిగతా సిబ్బంది కూడా అడుగుతారన్న భయం కాబోలు.

నా బాధ మాస్టారి గురించి కాదు, ఉద్యోగమన్నాక బదిలీ ఉంటుంది. ఆ బడిలో పిల్లలకు, అయ్యవారికి మధ్య ఏం జరిగింది, ఎలా జరిగింది, దాన్ని పక్క బడికి ఎలా అందించాలి అని కాగితం కదిపిన వాళ్లెవరు? గౌరవాన్ని పెంపొందించుడి అంటూ ఏటా సర్క్యులర్లు పంపే శాఖ, గౌరవం కాళ్లొచ్చి గేటు దగ్గర నిలబడితే గుర్తుపట్టలేకపోయింది. రికార్డులో దాని పేరు ‘మిగులు’.

1921లో మైసూరులో ఇంకో మాస్టారికి ఇలాగే వీడ్కోలు జరిగింది. కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్తున్న ప్రొఫెసర్‌ను బండి ఎక్కించి, గుర్రాలను విప్పేసి, విద్యార్థులే రైల్వే స్టేషన్ దాకా లాక్కుపోయారు. ఆ ప్రొఫెసరు మా ఊరివాడే. 1888 సెప్టెంబర్ 5న తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టినరోజును దేశం 1962 నుంచి ఉపాధ్యాయ దినం చేసుకుంటోంది. ఆ రోజున మా జిల్లాలో ఆయన పటానికి పూలదండ పడుతుంది, బండి కథ మైకులో వినిపిస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. వెళియగరం కథ చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. దానికి ఇంకా దండ వేసేంత వయసు రాలేదు.

ఇక వక్తల సంగతి. 2024 ఆగస్టులో చెన్నై ప్రభుత్వ పాఠశాలలకు ఒక ప్రేరణ ప్రసంగకుడు వచ్చాడు. పిల్లల్లో ఆత్మవిశ్వాసం నింపడానికి వచ్చినవాడు నింపిందేమిటంటే, వైకల్యం పోయిన జన్మలో పాపఫలం అని. చూపులేని తమిళ మాస్టారు శంకర్ సభలోనే ఉన్నారు. లేచి, ఇలా మాట్లాడటం తప్పన్నారు. వేదిక మీది మహానుభావుడు పిల్లలందరి ముందూ ఆయనతోనే గొడవకు దిగాడు. బడిలో ఏడిపించడం అంటే ఏమిటో పిల్లలకు ఇంత స్పష్టంగా చూపించిన పాఠం సిలబస్‌లో ఇంకోటి లేదు. గోల అయింది. వక్త జైలుకు వెళ్లాడు, మంత్రి స్వయంగా వచ్చి మాస్టారిని సన్మానించారు, అక్కడిదాకా మెచ్చుకోదగ్గదే. తర్వాత? అలాంటి వక్తను మైకు దగ్గరికి పిలిచే పద్ధతి ఏమిటి, అనుమతి ఎవరిది అని జనం ఆరా తీస్తుండగా, మాత్ర బయటికి వచ్చింది. ఒక ప్రధానోపాధ్యాయురాలికి బదిలీ. ఎక్కడికి అనుకున్నారు? మా తిరువళ్లూరు జిల్లాకు!

అప్పుడు తెలిసింది మా జిల్లా హోదా. అండమాను అవసరం లేదు, లోకల్ రైలు చాలు.

కులం మాట తీయకుండా తమిళనాడు బడిలో ఏడిపించడం గురించి మాట్లాడటం నిప్పు మాట ఎత్తకుండా వంట నేర్పడం. 2019 జూలై చివర్లో పాఠశాల విద్యా డైరెక్టరు ఒక సర్క్యులర్ ఇచ్చారు. పిల్లలు చేతికి రంగురంగుల తాళ్లు కడుతున్నారు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, కాషాయం, ఏ రంగుకు ఏ కులమో వాళ్లకు తెలుసు, ఆ రంగుల్ని బట్టే జట్లు కడుతున్నారు, అరికట్టండి అని. నెల తిరక్కముందే మంత్రిగారు ఆ సర్క్యులర్ తనకు తెలియకుండా పోయిందన్నారు, పాత పద్ధతే కొనసాగుతుందన్నారు. పాత పద్ధతి అంటే తాళ్లే కదా. చేతికి తాడున్న పిల్లాడు ఎక్కడివాడక్కడే ఉన్నాడు. సర్క్యులర్‌కే బదిలీ అయింది, చెత్తబుట్టకు.

నాలుగేళ్లు గడిచాయి. 2023 ఆగస్టులో దక్షిణాన నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి, తోటి పిల్లల వేధింపులకు బడి మానేసి, పెద్దలు నచ్చజెబితే మళ్లీ వెళ్లి, జరిగింది బడిలో ఫిర్యాదుగా చెప్పాడు. ఆ రాత్రే కొడవళ్లు ఇంటికొచ్చాయి. అడ్డమొచ్చిన చెల్లెలిని కూడా నరికారు. నరికినవాళ్లలో బడి పిల్లలున్నారు. ఆ పిల్లాడు బతికి, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, వేరే చోట చదువుకుని 2024లో ప్లస్ టూలో 600కు 469 మార్కులు తెచ్చుకున్నాడు. చప్పట్లు మారుమోగాయి. ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది ఎవరు అన్న ప్రశ్న ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

అప్పుడు ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె.చంద్రును ఏకసభ్య కమిటీగా వేసింది. ఆయన 2024 జూన్‌లో ఆరువందల పేజీలకు పైబడిన నివేదిక ఇచ్చారు. తాళ్లు, ఉంగరాలు, నుదుటి గుర్తులు వద్దన్నారు. బడుల పేర్లలోంచి కులం తీసెయ్యమన్నారు. అక్షర క్రమంలో కూర్చోబెట్టమన్నారు. ఒక ప్రాంతంలో ఏ కులం జోరుగా ఉందో ఆ కులం అధికారిని అక్కడ వెయ్యొద్దన్నారు, అప్పుడప్పుడు మారుస్తుండమన్నారు. పెద్దమనిషి చెప్పిన మంచి మాటలు చాలా ఉన్నాయి, పిల్లలకు బోధించే తీరు గురించి, పాఠ్యప్రణాళిక గురించి కూడా. కానీ అన్ని పేజీల్లో కొందరికి కనిపించింది బొట్టు ఒక్కటే. చెన్నై కార్పొరేషన్ సమావేశంలో ఒక కౌన్సిలరు ప్రతిని చించి అవతల పారేశారు. చదివి చించారో, చించడానికే తెచ్చుకున్నారో!

ఈ కబుర్లు వచ్చినప్పుడల్లా మా తిరువళ్లూరు పెద్దమనుషులు ఒక మాట అంటారు: ‘‘అదంతా దక్షిణాది జిల్లాల పిచ్చి అప్పా, మన పక్క అట్లాంటివి లేవు.’’ లేవు మరి. గుమ్మిడిపూండి పక్కన ఆత్తుపాక్కంలో 2020 ఆగస్టు 15న దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని జెండా ఎగరేయనివ్వలేదు, అంతే. 20వ తేదీన కలెక్టరూ ఎస్పీ దగ్గరుండి ఎగరేయిస్తే గానీ ఆమెకు స్వాతంత్ర్యం రాలేదు, అయిదు రోజుల ఆలస్యం ఒక లెక్కా? అదే తాలూకా తొక్కమూరులో దళితుల దారికి అడ్డంగా కట్టిన గోడను 2022 అక్టోబరులో అధికారులు వచ్చి కూల్చారు. అంతవరకు ఆ గోడ పక్కనుంచే పిల్లలు బడికి వెళ్లి, ‘భారతీయులందరూ నా సహోదరులు’ అని ప్రతిజ్ఞ చేసి, సాయంత్రం ఆ గోడ పక్కనుంచే ఇంటికొచ్చారు. పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు ఇదంతా అని టీవీలో చర్చలు పెడుతుంటారు!

మన తెలుగువాళ్లం మాత్రం తక్కువ తిన్నామా? తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట ప్రాంతాల తెలుగు పిల్లవాణ్ణి పట్నంలో ‘గుల్టీ’ అంటే మనకు రక్తం మరుగుతుంది. 2006 తమిళ అభ్యాస చట్టం తరగతికో ఏడాది చొప్పున మెట్లెక్కి పదో తరగతిని పట్టుకున్నాక, తెలుగు మీడియం పిల్లల కోసం కోర్టుల చుట్టూ తిరిగాం, 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి మినహాయింపు తెచ్చుకున్నాం. న్యాయమే, తప్పు పట్టను. అదే నోటితో, పక్క బెంచీలో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి మనవాడు ఏమడుగుతాడు? ‘‘మీ ఇల్లు ఊళ్లోనా, కాలనీలోనా?’’ కాలనీ అంటే ఇక్కడ దళితవాడ. ఆ ప్రశ్నను ఏ ప్రభుత్వమూ సర్క్యులర్‌లో పంపలేదు. టిఫిన్ డబ్బాలో ఇంట్లోనే పెట్టి పంపాం. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి, సర్కారు రికార్డుల్లోంచి ‘కాలనీ’ మాటే తీసేస్తామని ప్రకటించారు. మంచిదే. మనవాడు ఇక ‘ఏ వీధి’ అని అడుగుతాడు. జవాబులోంచి అదే పిండుకుంటాడు, తెలివైనవాడు.

పోనీ, ఏడిపించారని పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి? ఏర్పాట్లకు లోటు లేదు. 1997లో, అంటే మా జిల్లా పుట్టిన ఏడాదే, తమిళనాడుకూ ఆంధ్రప్రదేశ్‌కూ ర్యాగింగ్ నిషేధ చట్టాలు వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధించింది. 14417కు ఫోన్ చెయ్యొచ్చు, 1098కి చెయ్యొచ్చు. బడి బడికీ విద్యార్థుల రక్షణకు సలహా కమిటీ. వీటన్నిటి పైన ‘మాణవర్ మనసు’ పెట్టె, అంటే విద్యార్థుల మనసంతా అందులో వెయ్యాలన్నమాట.

పెట్టె చక్కగా ఉంటుంది. తాళం కూడా ఉంటుంది. ఎక్కడ పెట్టాలి? పిల్లలందరికీ కనపడేచోట. అందరికీ కనపడేచోటు ఏది? హెడ్మాస్టరు గది గుమ్మం పక్క. కాగితం వేస్తున్న పిల్లవాణ్ణి అటెండరు చూస్తాడు, స్టాఫ్‌రూము చూస్తుంది, ఎవడి మీద రాశాడో వాడు కూడా చూస్తాడు. పేరు రాయక్కర్లేదంటారు. ఏడేళ్లుగా కాపీ పుస్తకాలు దిద్దుతున్న టీచరుకు దస్తూరి తెలియదా? తెలుగు మీడియం పిల్ల తెలుగులో రాసిందనుకోండి, ఇక పేరు రాసినట్టే.

అయినా ధైర్యం చేసి రాశాడనుకుందాం. గదిలోకి పిలుస్తారు. గదిలో మొదటి ప్రశ్న, ఏ బడిలోనైనా, ఏ భాషలోనైనా ఒకటే:

‘‘నువ్వేం చేశావ్?’’

‘‘నేనేం చెయ్యలేదు సార్. రోజూ నా సంచీ బయటికి విసిరేస్తారు. నా పక్కన కూచోనని అంటారు.’’

‘‘ఊరికే ఎందుకంటారు? నువ్వేదో చేసుంటావు. సర్దుకుపోవాల. రేపు మీ నాయన్ని తోడుకొని రా.’’

నాయన కూలి మానుకుని వస్తాడు. చెప్పులు బయట విడిచి, తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడతాడు. కుర్చీ ఉంటుంది గానీ కూర్చోమనే అలవాటు ఉండదు.

‘‘చూడప్పా, ఆ పిల్లోళ్లు పెద్దింటోళ్లు. పీటీఏలో వాళ్ల నాయనే ఉండాడు. విషయం పెద్దది చేస్తే నీ కొడుక్కే ఇబ్బంది. పరీక్షలు వస్తా ఉండాయి.’’

‘‘ఏం జెయ్యమంటారు సార్?’’

‘‘నేనేం చెప్పేదానికి లేదు. నీకిష్టమైతే టీసీ ఇప్పిస్తా. ఇంకో బళ్లో వేసుకో. నీ మంచికే చెప్తా ఉండా.’’

నాయన కొడుకు వంక చూస్తాడు. కొడుకు నేల చూస్తాడు. తెల్లకాగితం ఇచ్చి, ఎలా రాయాలో కూడా వాళ్లే చెబుతారు. ఇంత సహకారం ఆ నాయన ఏ ప్రభుత్వ ఆఫీసులోనూ చూసి ఉండడు. రేషన్ కార్డులో పేరు దిద్దించడానికి ఆర్నెల్లు తిరిగినవాడికి, టీసీ మధ్యాహ్న భోజనం బెల్లు లోపలే చేతికొస్తుంది.

టీసీలో రెండు గళ్లు చదవదగ్గవి. బడి విడిచిపోవడానికి కారణం: తల్లిదండ్రుల కోరిక. విద్యార్థి నడవడి: మంచిది. సంచీ విసిరేసినవాళ్లు పది పాసై వెళ్లేటప్పుడు వాళ్ల టీసీలోనూ అదే ఉంటుంది, నడవడి: మంచిది. పెట్టెలో వేసిన కాగితం ప్రస్తావన ఏ గడిలోనూ ఉండదు. ఆ ఏటి నివేదికలో ఆ బడి పేరుకెదురుగా వేధింపుల ఫిర్యాదులు: లేవు.

సంవత్సరం మధ్యలో కొత్త బడి. అక్కడి హెడ్మాస్టరు టీసీ తిప్పి తిప్పి చూస్తాడు. డిసెంబరులో ఎవరైనా బడి మారతారా? కళ్లద్దాలు పైకి నెట్టి పిల్లవాడి మొహంలోకి చూస్తాడు.

‘‘నువ్వేం చేశావ్ అక్కడ?’’