ఊరికో పేరా? అంత ఖర్చెందుకు!

సంక్రాంతికి అమెరికా నుంచి దిగిన మన పిల్లలు అరుగుల మీద చెప్పే ముచ్చట్లలో ఒకటి ఈమధ్య బాగా నవ్విస్తోంది. "అక్కడ ఊళ్లకు పేర్లే దొరకలేదు బాబాయ్. ఎటు చూసినా స్ప్రింగ్‌ఫీల్డే. బ్లూమింగ్టన్‌లో ఉంటున్నానని ఎవడన్నా అంటే ఇలినాయా, ఇండియానానా, మిన్నెసోటానా అని అడగాలి. వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న అరోరాకి పోదామని ఉత్త అరోరా అని కొడితే ఫోను కొలరాడో దారి పట్టించినా పట్టిస్తుంది." పెద్దలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నవ్వాక మీసం సవరించుకుని అంటారు: "మనకు అట్లా కాదురా. మన దగ్గర ఏ ఊరి పేరు ఆ ఊరిదే."

ఈ మాట అనేది పెదపారుపూడిలో కూర్చుని. చినపారుపూడి అదే మండలంలో ఉంది.

అమెరికా వాళ్లను చూసి నవ్వకూడదని కాదు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ 1636లో పుట్టింది. దాన్ని నిలబెట్టిన విలియం పించన్ ఇంగ్లండులో తను వదిలొచ్చిన పల్లె పేరే దానికి తగిలించారు. ఆ తర్వాత పడమటికి జరిగిన కొద్దీ జనం ఆ పేరును మూటలో కట్టుకుపోయి దిగినచోటల్లా పాతారు. ఆరెగాన్‌లో మరీ విడ్డూరం. 1845లో కొత్త ఊరికి పేరు పెట్టాల్సి వచ్చి ఇద్దరు పెద్దమనుషులు పట్టుబట్టారు. ఒకాయన మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వైపు నుంచి వచ్చినవాడు, ఇంకొకాయన బోస్టన్ వైపువాడు. పైసా ఎగరేశారు. మెయిన్ ఆయన గెలిచాడు కాబట్టి అది పోర్ట్‌లాండ్ అయింది. బొమ్మా బొరుసూ తిరగబడితే దేశానికి ఇంకో బోస్టన్ ఉండేది. పైసా ఎటు పడ్డా కొత్త పేరు పుట్టే అవకాశం మాత్రం లేదన్నది గమనించాలి.

అయితే అక్కడి తపాలా శాఖ మొహమాటపడలేదు. ఒక రాష్ట్రంలో ఒకే పేరుతో రెండు పోస్టాఫీసులు కుదరవు, వేరే పేరు వెతుక్కురమ్మంది. పేరు పక్కన రాష్ట్రం పేరు రాస్తే ఉత్తరం చేరుతుంది. మనకు పక్కన రాష్ట్రం రాస్తే చాలదు, జిల్లా రాసినా చాలదు. మండలం రాసి, ఏ కాలవ గట్టో చెప్పి, ఫలానావారి మిల్లు దాటాక అని కలిపితే తప్ప మనిషి ఇంటికి చేరడు.

ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోతూ ఆగి, కలలో ఆంధ్రవిష్ణువును చూసి ఆముక్తమాల్యద తలపెట్టిన చోటు. అది ఏ శ్రీకాకుళం అని కుర్రాళ్లను అడిగి చూడండి. కళింగ అన్న మాట చెవిన పడగానే తడుముకోకుండా చెయ్యి ఉత్తరానికి చూపిస్తారు. వాళ్లనేం అంటాం? ఆ శ్రీకాకుళానికి 1950 నుంచి జిల్లా ఉంది, కలెక్టరు ఉన్నాడు. మన శ్రీకాకుళానికి దేవుడూ రాయలవారూ మాత్రమే ఉన్నారు. పోటీలో ఎవరు నెగ్గుతారో వేరే చెప్పాలా?

కూచిపూడి అనగానే మువ్వ మండలం ఒకటే తెలిసినట్టు మాట్లాడతాం. తెనాలి వైపు అమృతలూరు మండలంలోనూ ఒక కూచిపూడి ఉంది. అక్కడివాళ్లు ఊరి పేరు చెప్పినప్పుడల్లా "మీరు నాట్యం చేస్తారా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సిందే. కోడూరు సంగతి ఇంకా బాగుంటుంది. కడప వైపు కోడూరుకు రైలు వచ్చింది గనక అది రైల్వే కోడూరైంది. దివిసీమ కోడూరుకు రైలు ఇంతవరకూ రాలేదు గనక ముందు ఏ తోకా తగిలించుకోకుండా అచ్చమైన కోడూరుగా మిగిలింది. మచిలీపట్నం–రేపల్లె రైలుమార్గం కోసం దశాబ్దాలుగా వినతిపత్రాలు ఇస్తున్నవాళ్లు ఈ ప్రమాదం సంగతి ఆలోచించారో లేదో.

ఇక పెద, చిన. చినగొన్నూరు గుడ్లవల్లేరు మండలంలో, పెదగొన్నూరు ముదినేపల్లి మండలంలో ఉన్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చిన్నది కృష్ణా జిల్లాలో ఉండిపోయింది, పెద్దది ఏలూరు జిల్లాకు పోయింది. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు కూడా ఇంత నిక్కచ్చిగా పంపకాలు జరగవు.

ఇన్ని చెప్పినా, ఈ పాత జంట పేర్లతో నాకు పేచీ లేదు. అవి ఎవరో ఆఫీసులో కూర్చుని పెట్టినవి కావు. చెరువు చూసినవాళ్లు చెరువు పేరు పెట్టుకున్నారు, రాముణ్ణి కొలిచినవాళ్లు రామాపురం అనుకున్నారు. అక్కినేని నాగేశ్వరరావు పుట్టింది గుడివాడ దగ్గరి రామాపురంలో. తెలుగునాట రామాపురాలు లెక్కపెట్టబోతే వేళ్లు చాలవు. రెండు ఊళ్లకు ఒకే పేరొచ్చి చిక్కుపడితే ఒకటి పెద, ఇంకోటి చిన అనుకుని, లేదా పాత, కొత్త అనుకుని వాళ్లే తీర్చుకున్నారు. దానికి జీవో అవసరం పడలేదు, శిలాఫలకం అసలే లేదు.

శిలాఫలకాల వాళ్లు రంగంలోకి దిగాకే అసలు తమాషా మొదలైంది.

పెదపారుపూడి ఆ తమాషాకు దూరంగా ఏమీ లేదు. ఈ ఊళ్లో 1936లో పుట్టిన రామోజీరావుకు ఇంట్లో పెట్టిన పేరు రామయ్య. ఊరికి నలుగురు రామయ్యలున్న రోజులవి. ఆ పేరు నచ్చక, బడిలో చేరేటప్పుడు రామోజీరావు అని తనే రాసుకున్నారని చెబుతారు. అట్లాంటి పేరు ఇంకొకరికి ఉండదు, భేషైన పని. నవ్యాంధ్ర రాజధానికి అమరావతి పేరు సూచించింది కూడా ఆయనేనని చంద్రబాబు నాయుడే బహిరంగంగా చెప్పారు. తన పేరు ఇంకొకరితో పంచుకోవడం గిట్టని మనిషి రాజధానికి మాత్రం పక్క ఊరి పేరు ఇప్పించారు. పేరు గొప్పదే, ఎవరూ కాదనరు. కానీ ఆ పేరుతో అమరలింగేశ్వరుడూ బౌద్ధ స్తూపమూ ఉన్న ఊరు అప్పటికే అక్కడ బతికుంది. మొదటి విడత భూసమీకరణకు ఎంచిన 29 గ్రామాల్లో ఆ ఊరు లేదు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది ఉద్దండరాయునిపాలెంలో. ఇప్పుడు స్తూపం ఉన్న అమరావతి పల్నాడు జిల్లాలో, సచివాలయం ఉన్న అమరావతి గుంటూరు జిల్లాలో ఉన్నాయి. మహారాష్ట్రలో ఇంకో అమరావతి నగరం ఎప్పటినుంచో ఉంది. స్ప్రింగ్‌ఫీల్డులను చూసి నవ్వుతున్న పెద్దలు ఇక్కడ కొంచెం ఆగాలి.

నిమ్మకూరు పెదపారుపూడికి దగ్గరే, పామర్రు మండలంలో. ఎన్టీ రామారావు 1923లో పుట్టిన ఊరు. 2022లో ఆయన పేరుతో జిల్లా చేశారు. ఆ జిల్లాలో విజయవాడ ఉంది, నందిగామ ఉంది, నిమ్మకూరు లేదు. అది కృష్ణా జిల్లాలోనే ఉంది. పేరిచ్చిన ప్రభుత్వమే అదే ఏడు విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉన్న ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టింది. 2024లో సర్కారు మారాక మళ్లీ ఎన్టీఆర్ వచ్చారు. ఈ మూడు ముక్కలాటలో ఒకే కాలేజీలో చదివిన అన్నకూ చెల్లికీ పట్టాల మీద వేరే వేరే విశ్వవిద్యాలయాలు.

జిల్లాలూ విశ్వవిద్యాలయాలూ పెద్దవాళ్ల పంచాయితీ అనుకుందాం. పేదవాడి సెంటున్నర స్థలానికి వచ్చేసరికి కూడా ఇదే ఆట. ఇందిరమ్మ కాలనీ, రాజీవ్ నగర్, ఎన్టీఆర్ కాలనీ, జగనన్న కాలనీ. ఏ మండలంలో దిగినా ఇవే బోర్డులు, రంగు ఒకటే తేడా. చెరువుకొమ్ము, లంకపొలం, మాలిపాటి దిబ్బ లాంటి పేర్లు ఆ నేలకు ముందునుంచీ ఉంటాయి. వాటిని ఎవరూ అడగరు. సర్కారు మారగానే జగనన్న కాలనీలను పీఎంఏవై–ఎన్టీఆర్ నగర్లు చెయ్యబూనారు. ఇంట్లో కుళాయి రాకముందే ఊరు రెండు పేర్లు మార్చింది.

ఇందులోనూ అమెరికావాడు మనకు గురువేనని ఒప్పుకోవాలి. జార్జి వాషింగ్టన్ బతికుండగానే, అధ్యక్షుడిగా ఉండగానే, 1791లో రాజధానికి ఆయన పేరు పెట్టారు. ఆ తర్వాత వాషింగ్టన్ కౌంటీలు 30 దాకా పుట్టుకొచ్చాయి. కాకపోతే జెఫర్సన్ గెలిచాక వాషింగ్టన్ బోర్డు పీకి తన బోర్డు పెట్టించుకోలేదు. ఆ చిన్న మెలకువ వాళ్లకు తట్టలేదు, పాపం.

కాబట్టి అరుగు మీది పెద్దలకు ఒక మనవి. ఈసారి అమెరికా కుర్రాడు స్ప్రింగ్‌ఫీల్డ్ జోకు ఎత్తుకుంటే, "మన ఎన్టీఆర్ నగర్లో మీ అత్తగారింటికి పోయిరా" అని ఒక్క మాట చెప్పి బండి తాళాలు చేతికివ్వండి. ఏ మండలమో చెప్పకండి. సాయంత్రందాకా వాడి ఫోను కోసం ఎదురుచూడండి, తీరిగ్గా నవ్వుకోవచ్చు.