దుప్పికి డేట్లు కుదరలేదు

ఫిలింనగర్‌లో ప్రస్తుతం పర్యావరణానికి టైమ్ బాగుంది. దెయ్యాల సీజన్ అయిపోయింది, దేవుళ్ల సీజన్ నడుస్తోంది, తర్వాత అడవేనని ట్రేడ్ టాక్. అందుకని ఒక కుర్ర దర్శకుడు జింకల మీద బౌండ్ స్క్రిప్ట్ రాసుకుని ఒక నిర్మాతగారి ఆఫీసుకొచ్చాడు. పేర్లు అడక్కండి. ఆ వీధిలో ఏ మేడ ఎక్కినా ఇదే సిట్టింగు, ఇదే పెసరట్టు ఉప్మా.

"ఒక్క ముక్కలో చెప్పు బాబూ, కథేంటి?"

"అడవిలో జింకలు ఎక్కువైపోతే అడవే పోతుంది సార్."

అల్లం పచ్చడిలో ముంచిన ముక్క నిర్మాతగారి నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. జింక విలనా? మనకు జింకంటే హీరోయిన్ కళ్లు. లేదా ఇంట్రడక్షన్ సీన్లో పులి నోట్లో పడబోతూ హీరో దయవల్ల బతికే ప్రాణి. దానికి నెగటివ్ షేడ్ ఇచ్చినవాడు ఇంతవరకూ లేడు.

కుర్రాడు ఆగలేదు. స్కాట్లాండ్‌లో తోడేళ్లను ఎప్పుడో వేటాడి అంతం చేశారు. ఇక జింకల్ని తినేవాడు లేడు. ఇప్పుడక్కడ పది లక్షల దాకా ఉంటాయని అంచనా. మొలిచిన మొక్కను మొలిచినట్టే కొరికేస్తాయి. ముసలి చెట్టు పడిపోతే దాని చోట నిలబడే పిల్లచెట్టు ఉండదు. చెట్టు లేకపోతే పిట్టా లేదు, పురుగూ లేదు, గాల్లోని బొగ్గుపులుసు వాయువును పట్టి దాచేదీ లేదు. అందుకే ఏటా లక్షకు పైగా జింకల్ని లెక్కచూసుకుని మరీ కాల్చేస్తారు. అంత దూరం ఎందుకు, అండమాన్‌లో బ్రిటిష్ దొరలు తెచ్చి వదిలిన మన చుక్కల దుప్పులే, పులి లేని దీవుల్లో పిల్లాపాపలతో వర్ధిల్లి అక్కడి అడవిని మొలకల దగ్గరే మేసేస్తున్నాయి.

నిర్మాతగారి మొహంలో వెలుగు రాలేదు. కో-డైరెక్టర్ సాయానికొచ్చాడు.

"సంక్రాంతి అనుకోండి సార్. నాలుగు కుటుంబాల వారసులు ఒకేసారి దిగారు. థియేటర్లన్నీ మేసేశారు. చిన్న సినిమా మొలకెత్తుతుందా?"

"ఎక్కడ్నుంచి మొలుస్తుందయ్యా!"

"వాళ్లని తినే పులేదైనా ఉందా?"

నిర్మాతగారు గట్టిగా దగ్గారు. దసరాకి వాళ్లబ్బాయి లాంచింగ్.

"సరే, మన దగ్గర కూడా జింకలు ఎక్కువైపోయాయా?" అని మాట మార్చారు.

"ట్విస్టు అక్కడే ఉంది సార్. ఎక్కువా, తక్కువా, రెండూ."

ఈ ముక్క మాత్రం కుర్రాడు బాగా పట్టాడు. ఒక పులి ఏడాదికి యాభై దాకా దుప్పులంతటి జంతువుల్ని తింటుంది. అంటే దాని చుట్టూ అయిదొందల మంద నిలకడగా ఉండాలి. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అడవిలోనైనా, మహారాష్ట్ర పులులు వచ్చి చూసిపోయే కవ్వాల్‌లోనైనా దుప్పి ఎంత పెరిగితే అంత మంచిది. ఇటు నగరంలో, ఒకప్పుడు నిజాం వేటకెళ్లిన చోట, 1975లో మహావీర్ హరిణ వనస్థలి పెట్టారు. అక్కడ పులి లేదు. ఒకవైపు హైవే, మిగతా వైపులా కాలనీలు. కంచె లోపల మంద పెరిగితే గడ్డి పెరగదు కదా.

"మరి ఏం చేస్తారు? కాలుస్తారా?"

"పులులున్న అడవికి లారీ ఎక్కిస్తారు సార్." బోమా అనే ఆఫ్రికా పద్ధతి ఉంది. గరాటులాగా రెండువైపులా గుడ్డ తెరలు కట్టి, లోపల మేత పెడతారు. జింకలకు అలవాటయ్యేదాకా రోజులకు రోజులు కాచుక్కూర్చుంటారు. ఒకరోజు వెనక తెర మూసేస్తే అవి సన్నటి దారిలోంచి వాటంతటవే లారీలోకి నడుస్తాయి. ఎవరూ చెయ్యి వెయ్యరు. జింకను చేత్తో పట్టుకుంటే ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు.

"లారీ నిండా జింకలు! ఇంటర్వెల్ పడింది!" నిర్మాతగారు లేచి నిలబడ్డారు. ఆయనకు 'ఆర్ఆర్ఆర్' గుర్తొచ్చింది. అందులో పులీ జింకా ఒకే లారీలోంచి దూకుతాయి, ఒకదాన్నొకటి ముట్టుకోవు. గ్రాఫిక్స్ కదా, ఆకలుండదు.

"లొకేషన్ పక్కనే, కేబీఆర్ పార్కు!"

"అక్కడ నెమళ్లు, ముళ్లపందులు, పునుగుపిల్లులు, వాకర్లు సార్."

"వాకర్లు ఎక్కువైపోయారా?"

"ఏటా పెరుగుతున్నారు. తినే జంతువు లేదు."

1998లో జాతీయ పార్కు హోదా వచ్చిన చోటది. 2020లో దాని చుట్టూ గీసిన రక్షణ వలయం కొన్నిచోట్ల 3 మీటర్లు, మహా అయితే 29.8. హీరోగారి క్యారవాన్ ఒక్కటి అడ్డంగా తిప్పితే ముందు చక్రాలు పార్కులో, వెనక చక్రాలు ఫ్లైఓవర్ ప్లానులో ఉంటాయి.

"పోనీ, కంచ గచ్చిబౌలి?"

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 2014లో చుక్కల దుప్పిని రాష్ట్ర జంతువుగా ప్రకటించుకున్న రాష్ట్రమే 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది పూట, హైదరాబాద్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లను పంపింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేలోగా వంద ఎకరాల దాకా చదునైపోయింది. క్యాంపస్‌లో ఒక దుప్పిని కుక్కలు చంపేశాయి. జూబ్లీహిల్స్ నుంచి పోస్టులు వెల్లువెత్తాయి. రాళ్లు పేల్చి కట్టుకున్న బాల్కనీలోంచి పెట్టినా, పెట్టనివాళ్లకంటే నయమే అంటాను. వాటితోపాటు ఏఐ గీసిన జింకలు కూడా ఫోన్లలో పరుగెత్తాయి. వాటి మీద కేసులు పెట్టారు, నోటీసులిచ్చారు. మాయలేడి వెంట త్రేతాయుగంలో రాముడు ఒక్కడే పరుగెత్తాడు. మన దగ్గర సర్కారు సర్కారే పరుగెత్తింది.

దుప్పులు ఎక్కువయ్యాయో, వాటి నేల తక్కువైందో తేల్చకుండా సంఖ్య నియంత్రణ గురించి మాట్లాడితే అది కథలో పెద్ద లాజిక్ మిస్సని కుర్రాడి వాదన. నాకూ అలాగే అనిపిస్తుంది. నిర్మాతగారికి మాత్రం లాజిక్ కంటే లీగల్ భయం ఎక్కువ. సినిమా తారలు ఇరుక్కున్న జోధ్‌పూర్ కృష్ణజింకల కేసు 1998లో మొదలైతే, కింది కోర్టు తీర్పు రావడానికే 2018 అయింది.

"అసలు జింక వద్దు, గ్రాఫిక్స్‌లో పెట్టేద్దాం. అడవి మాత్రం నేచురల్‌గా ఉండాలి, సెట్ వేయిద్దాం," అని తేల్చి ప్రొడక్షన్ మేనేజర్‌ని పిలిచారు. "నాలుగెకరాలు చదునుగా ఉన్న చోటు చూడవయ్యా."

"చదునుగా ఉన్నవన్నీ విల్లాలకి పోయాయి సార్. చెట్లున్నదైతే ఒకటుంది."

"దాన్ని చదును చేయించడానికి ఎన్ని రోజులు పడుతుంది?"