గోతం ఆత్మకథ

నేను గోతాన్ని. నిండుగా ఉంటే బస్తా అంటారు, మిర్చి యార్డులో టిక్కీ అంటారు, ఖాళీ అయితే మూలకు విసిరేస్తారు. నా పుట్టుక నీళ్లలో. బెంగాలు చెరువుల్లో, కాలవల్లో జనుప కట్టలు నానేసి, మెత్తబడ్డ బెరడు ఒలిచి నార తీస్తారు. ఆ నార వడికే మొదటి మిల్లు మన దేశంలో 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో వెలిసింది. తెలుగునేల మీద ఏలూరు, గుంటూరు, చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు మా వంశాన్ని పెంచాయి. ఉత్తరాంధ్ర చేలల్లో పండిన గోగునార కూడా మా నేతలో కలిసింది. గుంటూరువాళ్లు పండుమిరపకాయలతో నూరుకునే గోంగూర ఆ గోగు ఆకే. అంటే వీళ్ల కంచంలోకీ కొట్టంలోకీ మేం ఒకే ఇంటి నుంచి వచ్చాం. ఈ చుట్టరికం గొప్పకు చెప్పడం లేదు. ఆకు కూరకూ, నార తాడుకూ, పుల్ల పొయ్యిలోకీ వాడుకునే జనం మధ్య బతికినదాన్ని గనక పొదుపు గురించి ఒక మాట అనే హక్కు నాకుంది. పొదుపంటే డబ్బు బిగబట్టడం కాదు, వస్తువును వరస తప్పకుండా చివరి పని దాకా నడపడం.

గుంటూరు చుట్టుపక్కల ఈ మిరప సీమలో పొదుపు తీర్మానాలు ఎక్కువగా ఉగాదికి అటూ ఇటూ పుడతాయి. అందుకు పంచాంగం కన్నా యార్డే కారణం. ఫిబ్రవరి నుంచి మే దాకా కాయ జోరుగా అమ్ముడవుతుంది, ఏడాది రాబడిలో పెద్ద భాగం ఆ నెలల్లోనే చేతికొస్తుంది. కమీషను కొట్టు నుంచి పట్టీ వచ్చేసరికి విత్తనాల బాకీ, మందుల బాకీ, కౌలు, కోత కూలి వరసగా నిలబడి ఉంటాయి. 2023లో మేలు రకాల మిర్చి క్వింటాలు 20,000 రూపాయలు దాటింది. 2025 ఫిబ్రవరికి రేటు ఎంతగా పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ఖరారు చేయాల్సి వచ్చింది. అలాంటి ఏడు, నెలకింత దాస్తామన్న ఇల్లు మాట తప్పితే దాన్ని దుబారా అనడం అన్యాయం. డబ్బు మీద చేసిన ప్రతిన యార్డు రేటుకు తలవంచక తప్పదు. వస్తువు మీద చేసిన ప్రతిన మాత్రం ఇంటివాళ్ల చేతిలోనే ఉంటుంది.

అయితే దాచిపెట్టినంత మాత్రాన వస్తువు పొదుపు కాదు. అటకనిండా గోతాలు పేర్చి ఎలుకలకు కాపురం పెట్టించడం పిసినారితనం. పొదుపుకు వరస కావాలి. కొత్తగా ఉన్నప్పుడు ధాన్యం మోసినదాన్ని ఆ తర్వాత మిర్చికి వాడొచ్చు, మిర్చి మోసినదాన్ని మళ్లీ ధాన్యానికి వాడకూడదు. 40 కిలోల పైచిలుకు కాయ తొక్కి కుట్టిన టిక్కీ ఖాళీ అయ్యాక వాకిట్లో దులిపితే వీధి వీధంతా దగ్గుతుంది. ఆ ఘాటు ఉత్త నీళ్లకు లొంగదు, ఎందుకంటే కాయలోని కారం నీటిలో కాక నూనెలో కరిగే గుణం గలది. సబ్బు పెట్టి ఉతికి, నాలుగు ఎండలు చూపించాలి. అప్పుడు కూడా దాన్ని చెప్పులు విడిచే చోటుకో, గేదె వీపు మీదికో పంపాలిగానీ కందుల దగ్గరికి కాదు. నా గురించి ఇంకో నిజమూ చెప్పాలి. నార మెత్తబడాలని మిల్లులో మామూలు గోతాలకు ఖనిజ నూనె పట్టిస్తారు. కోకో లాంటి సరుకులకు అందుకే వేరే నూనెతో ప్రత్యేకంగా గోతాలు నేస్తారు. కాబట్టి పొట్టుతో ఉన్న గింజకు నేను సరేగానీ, పిండినీ కారాన్నీ నాలో పోయొద్దు, వాటికి జాడీలూ డబ్బాలూ ఉన్నాయి. పురుగుమందు ఒలికిన గోతానికైతే ఇంట్లో ఏ పనీ లేదు. దాన్ని కూడా వాడుకుందామనుకునే పొదుపు ఆసుపత్రి ఖర్చుకు దారి తీస్తుంది.

ఎండాకాలం నాకు ఇంకో ఉద్యోగం ఉంటుంది. రోహిణి కార్తెలో నన్ను తడిపి కిటికీకి కడితే, నీరు ఆవిరవుతూ లోపలికొచ్చే గాలి వేడిని లాగేస్తుంది. మంచినీళ్ల కుండకు చుట్టినా, కొత్త శ్లాబు మీద పరిచి తడిపినా నా పని తడిని పట్టి ఉంచడమే. ఈ ఉపాయం మార్కాపురం వైపు పొడిగాలికి బాగా పారుతుంది, బాపట్ల తీరంలోని తేమగాలికి అంతగా పారదు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడు బాధకు తాగేనీళ్లే కొనుక్కునేవాళ్లు గోతానికి నీళ్లెక్కడ తెస్తారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు మంచినీళ్లు అక్కర్లేదు, బియ్యం కడిగిన నీళ్లూ కూరగాయలు కడిగిన నీళ్లూ చాలు. నీళ్లకూ వరస ఉంది.

ప్లాస్టిక్ గోతం చవక, తేలిక, వానకు తడవదు కదా, ఇంకా నువ్వెందుకని అడిగేవాళ్లున్నారు. మూడూ నిజాలే. మోసే హమాలీ వీపుకు ఆ తేలిక సామాన్య విషయం కాదు. కానీ అది ఎండకు పెళుసెక్కి పీలికలవుతుంది, ఆ పీలికలు చేలోనే మిగిలిపోతాయి. నేను చిరిగితే పెంటదిబ్బలో కుళ్లి ఎరువులో కలుస్తాను. పత్తి దగ్గర మాత్రం మా ఇద్దరిదీ ఒకటే నేరం. నా పీచైనా దాని పోగైనా దూదిలో కలిస్తే మిల్లులో నూలు చెడుతుంది, అద్దకంలో రంగు సమంగా పట్టదు. తీసిన పత్తిని నూలుగుడ్డ బోరేల్లో పెట్టుకోవడమే మంచిది. తనకు తగని చోటు నుంచి తప్పుకోవడం కూడా వస్తువు వరసలో భాగమే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఈ దులపడం, ఉతకడం, దబ్బనం పట్టి పురికొసతో కుట్టడం అంతా ఎవరు చేస్తారు? ఇల్లాలు. మిరప కోతల్లో కూలికి పోయి, మంటెక్కిన చేతులతో ఇంటికొచ్చిన మనిషికి పొదుపు పేరిట ఇంకో చాకిరీ అప్పగిస్తే, మిగిలిన రూపాయి ఆమె నడుం నుంచి తీసినట్టే. దీనికి ఒక్కటే జవాబు, పనిని లెక్కలో వేసుకోవడం. గోతాన్ని దులిపి ఉతికే పని మగవాళ్లు అందుకోవాలి. ఉతికే శ్రమ వస్తువు విలువను మించితే దాన్ని తిన్నగా నేల పనికి దించేయాలి. ఒకరి ఒళ్లు అరగదీసి నిలబెట్టే పొదుపు పొదుపు కాదు.

కాబట్టి ఈ ఏడు ఖర్చుల పుస్తకం కొనే ముందు, ఇంట్లో ఉన్న గోతాలను బయటికి తీసి మూడు కుప్పలు వేయండి: గింజకు పనికొచ్చేవి, తడికి పనికొచ్చేవి, నేలకు పనికొచ్చేవి. మందు తగిలినదాన్ని ఏ కుప్పలోనూ చేర్చకండి. ఆ కుప్పలు వేసే పని ఇంట్లో అందరూ కలిసి చేయండి.