తిమింగలం చూడ్డానికి వెళ్తున్నారా? ఇవిగో సూచనలు

బే ఏరియాలో కాపురం ఉంటూ, ఏప్రిల్ నెల దాటిపోతున్నా బూడిద తిమింగలాన్ని చూడలేదంటే పదిమందిలో తలెత్తుకోలేం. కాబట్టి ఒక శనివారం పాయింట్ రేయిస్ బీచ్‌కి వెళ్లి రావాల్సిందే.

పొద్దున్నే వెళ్లమంటారు కొందరు. గాలి లేవకముందు సముద్రం చదునుగా ఉంటుందట, పడమటి తీరం కాబట్టి ఎండ వీపు వైపు నుంచి పడుతుందట. నమ్మకండి. చదునైన నీళ్లలో తిమింగలం ఉంటేనే కనిపిస్తుంది. అదే మధ్యాహ్నం వెళ్లారనుకోండి, గాలికి సముద్రమంతా తెల్లటి నురగ లేచి ఎటు చూసినా తిమింగలమే. పిల్లలు దేన్ని చూపించినా "అదే నాన్నా!" అనొచ్చు.

కాదు, పొద్దున్నే వెళ్లి తీరాలంటారా? అయితే ఇంకో నాలుగు కుటుంబాలను కలుపుకోండి. ఫ్రీమాంట్‌లో ఐదున్నరకల్లా కారెక్కాలని అందరూ ఒప్పుకుంటారు. ఏడున్నరకి ఎవరో ఒకరు "ఇప్పుడే స్నానాలవుతున్నాయి, మీరు పదండి" అని మెసేజ్ పెడతారు. వాళ్లొచ్చేదాకా ఆగడం మర్యాద.

బైనాక్యులర్స్ ఎనిమిది రెట్లు చూపించేవి చాలంటారు. మీరు ఇరవై రెట్లవి కొనండి. చెయ్యి వణికితే సముద్రం మొత్తం ఊగుతుంది, అదనపు ఖర్చు లేకుండా పడవ ఎక్కినట్టే. చూపు మాత్రం ఆకాశం అంచునే ఉంచండి. ఏప్రిల్ చివర్లో, మే నెలలో తల్లులు పిల్లల్ని వెంటేసుకుని అలలు విరిగే చోటికి దగ్గరగా వస్తాయి, ఓర్కాల భయంతో. అయినా అంత పెద్ద జంతువుని ఇంత దగ్గర్లో వెతకడం దానికే అవమానం.

ఊపిరి వదిలినప్పుడు ఆవిరి పది పన్నెండడుగులు లేస్తుంది. ఎదురుగా చూస్తే హృదయం ఆకారంలో ఉంటుంది. తర్వాత మచ్చల వీపు. దాని మీద రెక్క ఉండదు, తోక వైపు మాత్రం చెరుకు గడకున్నట్టు వరసగా కణుపులు. అలా నాలుగైదుసార్లు ఊపిరి తీసి, తోకెత్తి మునిగితే మళ్లీ లేవడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు. అవి ఉత్తరానికి వెళ్తున్నాయి గనక కుడివైపు చూస్తూ ఉండమంటారు. మన పెద్దవాళ్లేం చెప్పారు? పోయిన చోటే వెతుక్కోవాలి. అక్కడే చూడండి. ఇంకా మంచిది, ఆ ఐదు నిమిషాల్లో పులిహోర డబ్బా తెరవండి. మూత తియ్యగానే సీగల్ ఒకటి వచ్చి, అన్నం వదిలేసి వేయించిన పల్లీలు మాత్రం ఏరుకుంటుంది. అందరూ అటు తిరిగినప్పుడే వెనకాల తోక లేస్తుంది.

ఈ తిమింగలాలు మెక్సికో మడుగుల నుంచి ఆర్కిటిక్ దాకా పోయి, మళ్లీ వెనక్కొస్తాయి. రానూపోనూ పదహారు వేల కిలోమీటర్ల పైమాటే, దారి పొడుగునా దాదాపు ఉపవాసం. ఈ సంగతి మాత్రం పిల్లల దగ్గర ఎత్తకండి. మనవాడసలే అన్నం తినడు.

డ్రోన్ పట్టుకెళ్లండి. నేషనల్ పార్కుల్లో నిషేధమే, 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టమూ ఉంది. కానీ రేంజరుతో పరిచయం ఇంకెలా అవుతుంది? సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం గురించి కూడా సలహా ఇద్దామనుకున్నాను గానీ, చెప్పాపెట్టకుండా వచ్చే పెద్ద అల అక్కడ మనుషుల్ని నిజంగానే లాక్కుపోతుంది. ఆ ఒక్క హెచ్చరిక బోర్డు మాట వినండి.

సోమవారం ఆఫీసులో "కనపడిందా?" అంటారు. కనపడిందనండి. ఫొటో ఏదంటే, "ఆ క్షణంలో ఫోన్ తియ్యాలనిపించలేదండీ" అని కాస్త దూరంగా చూడండి. అడిగినవాడు కూడా పోయినేడు అదే చెప్పాడు.