లాంగ్ రోల్ తప్పు చెప్పదు

మన సైన్యంలో ఒకప్పుడు రిజర్విస్టు అనే జీవి ఉండేవాడు. సగం సిపాయి, సగం సంసారి. చైనా యుద్ధం అయిన మరుసటేడు, 1963లో, పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు భర్తీ అయ్యాడనుకోండి. ఏడేళ్లు కలర్ సర్వీసు, యూనిఫాం వేసుకుని చేసే అసలు ఉద్యోగం. ఆ తర్వాత ఎనిమిదేళ్లు రిజర్వు. ఇంటికి పంపేస్తారు, వ్యవసాయం చేసుకోమంటారు, పిల్లల్ని కనమంటారు, మధ్యమధ్యలో ట్రైనింగుకి రమ్మంటారు, యుద్ధమొచ్చి తంతి అందితే మాత్రం నాగలి అక్కడే వదిలి రైలెక్కాలి. రెండూ కలిపి పదిహేనేళ్లు నిండితే 1961 నాటి ఆర్మీ పెన్షన్ నిబంధనల్లో 155వది వర్తిస్తుంది. సిపాయికిచ్చే పెన్షన్లలో అతి తక్కువది ఏదో చూసి, అందులో మూడింట రెండు వంతులు ఇస్తారు. అతి తక్కువలో మళ్లీ మూడో వంతు కోత! సర్కారు వారి దానగుణం మీద ఎవరికైనా అనుమానముంటే ఈ లెక్క దగ్గర తీరిపోవాలి.

మనవాడికి 1978లో రిజర్వు కూడా అయిపోయింది. రికార్డు ఆఫీసులో పేరు కొట్టేసే గుమాస్తా డిశ్చార్జి తేదీ గడిలో 1978 వెయ్యడానికి బదులు 1970 వేశాడు. రిజర్వుకు పంపిన తేదీ పక్కనే కనిపించింది, చెయ్యి దాన్నే ఎక్కించింది. భోజనాల వేళ అయ్యుంటుంది. ఒక్క కలంపోటుతో ఎనిమిదేళ్లు ఎగిరిపోయాయి. గుమాస్తా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. మన రిజర్విస్టు కూడా నిద్రపోయాడు, చేతికిచ్చిన డిశ్చార్జి పుస్తకం ట్రంకు పెట్టెలో పడేసి. అందులో ఏముందో చూసుకోవద్దా అంటారేమో! ఇంగ్లీషులో ఉన్నదీ, సర్కారు ముద్ర పడినదీ తప్పు ఎందుకవుతుందని ఆయన నమ్మకం.

ఏ పెళ్లి బంతిలోనో పక్క విస్తరి ముందు కూర్చున్న మాజీ సైనికుడు, "నీకు రిజర్విస్టు పెన్షన్ రావట్లేదట్రా?" అని అడిగేదాకా ఆయనకా సంగతి తెలియదు. అప్పటికి 2000 సంవత్సరం దాటింది. చెవిలో పడ్డాక ఊరుకోడు కదా, అర్జీ పెట్టాడు. జవాబు వచ్చింది. (సైన్యం జవాబివ్వదని ఎవరన్నా అంటే నమ్మకండి, ఇస్తుంది.) దాని సారాంశం ఇది: మీరు పెన్షనరు కారు. పెన్షనరు కానివారి సర్వీసు పత్రాలను ఆర్మీ నిబంధన 595 ప్రకారం ఇరవై అయిదేళ్ల తర్వాత ధ్వంసం చేస్తాము, మీవి చేశాము. మిగిలినది లాంగ్ రోల్ మాత్రమే. దాని ప్రకారం మీరు ఏడేళ్లే పనిచేశారు. కాబట్టి మీరు పెన్షనరు కారు.

ఈ జవాబును నిదానంగా మళ్లీ చదువుకోవాలి, ఇలాంటి వాక్యనిర్మాణం మహాకవులకు కూడా సాధ్యం కాదు. తేదీ తప్పు పడింది కాబట్టి ఆయన పెన్షనరు కాలేదు. పెన్షనరు కాలేదు కాబట్టి ఆయన కాగితాలకు పాతికేళ్లే ఆయుష్షు. ఆ పాతికేళ్లు కూడా తప్పుడు తేదీ నుంచే లెక్కేశారు కాబట్టి 1995కే గడువు తీరింది. కాగితాలు పోయాయి కాబట్టి తేదీ తప్పని రుజువు చెయ్యలేడు. రుజువు లేదు కాబట్టి ఆయన పెన్షనరు కాలేడు. గానుగెద్దు కూడా ఇంత గుండ్రంగా తిరగదు.

ఇక లాంగ్ రోల్. మనిషికో వరస చొప్పున పేర్లెక్కించిన పెద్ద రిజిస్టరు. నంబరు, పేరు, చేరిన తేదీ, పోయిన తేదీ, కారణం. ఇది మాత్రం శాశ్వతం. కొండల మీద గస్తీ కాసిన ఏడేళ్లకు సంబంధించిన షీట్ రోల్ అనే సర్వీసు పత్రం, ఆస్పత్రి కాగితాలు, రిజర్వు ట్రైనింగుకి వెళ్లొచ్చిన ఆధారాలు, అన్నీ కాలం చేస్తాయి. గుమాస్తా ఆకలి మీద వేసిన అంకె మాత్రం చిరంజీవి. సాక్ష్యాన్ని తగలబెట్టి నేరాన్ని భద్రపరిచే పద్ధతి ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, మనకు దానికో నిబంధన, ఆ నిబంధనకో నంబరు ఉన్నాయి.

అర్జీ పెట్టిన ప్రతివాడూ సత్యహరిశ్చంద్రుడని నేననను. రిజర్వు ముఖం చూడకుండానే ఇంటికొచ్చి, ఇప్పుడు చూశానంటున్నవాళ్లూ ఉంటారు. నిజం చెప్పేవాణ్నీ అబద్ధమాడేవాణ్నీ వేరు చెయ్యగలిగింది ఆ తగలబడిన కాగితమొక్కటే. దాన్ని దాచాల్సిన పూచీ సర్కారుది, అది లేని నష్టం సిపాయిది.

అర్జీ ఎక్కడికి పంపాలన్నది మరో ముచ్చట. గన్నరైతే నాసిక్ రోడ్. మద్రాసు రెజిమెంటైతే నీలగిరుల్లో వెల్లింగ్టన్. ఆర్డ్‌నెన్స్, ఈఎంఈ (మరమ్మతుల దళం) వాళ్లు పుణ్యం చేసుకున్నారు, వాళ్ల రికార్డులు సికింద్రాబాద్‌లోనే, ఆటోలో వెళ్లి మరీ లేదనిపించుకోవచ్చు. పెన్షన్ మంజూరు మాత్రం ప్రయాగ్‌రాజ్‌లో. ఇక మన పేర్లు. పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరికి మిలటరీ మాధవరమనే పేరు స్థిరపడేంతగా సైన్యానికి మనుషుల్ని ఇచ్చిన జాతి మనది. ఇచ్చాం గానీ ఇంటిపేరు ముందు రాసి ఇచ్చాం. ఫారం దాన్ని వెనక్కి నెట్టింది, ఇంకో ఫారం పొడి అక్షరం చేసింది, మూడో ఫారం మింగేసింది. భార్య పేరు రికార్డులో సత్యవతమ్మ, ఆధార్‌లో సత్యవతి. ఆ 'అమ్మ' ఎక్కడికి పోయిందో చెబుతూ నోటరీ ముందు అఫిడవిట్ ఇవ్వాలి. ఆయన పోయాక ఆ సత్యవతి తానే ఆ సత్యవతమ్మనని మరోసారి ఒప్పించుకోవాలి.

అమెరికాలో పరిస్థితి మెరుగేమో అనుకుంటే, వాళ్లకు ఏకంగా అగ్నిప్రమాదమే జరిగింది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ దగ్గరి సైనిక రికార్డుల భవనం అంటుకుని కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు బూడిదయ్యాయి. నకళ్లు లేవు. మంట ఎలా పుట్టిందో ఇప్పటికీ తేలలేదు. అయినా వాళ్లు జీతాల పట్టీలూ ఇతర ఆఫీసుల కాగితాలూ ఏరి, కాలిన చరిత్రను మళ్లీ కూర్చిపెడుతున్నారు. రికార్డులో తప్పు దిద్దడానికి 1946లోనే చట్టం చేసి సివిలియన్ బోర్డులు పెట్టుకున్నారు. తప్పు బయటపడిన మూడేళ్లలో అర్జీ పెట్టాలి, ఆలస్యమైనా న్యాయమనిపిస్తే బోర్డు మన్నిస్తుంది. అక్కడా నెలల తరబడి ఎదురుచూపులున్నాయి, అది వేరే సంగతి. పాపం, వాళ్లకు నిప్పు కావలసి వచ్చింది. మనకు 595 చాలు.

సిపాయి అనామకుడు కాబట్టి ఇలా జరిగిందనుకోకండి. జనరల్ వి.కె. సింగ్ సైన్యాధిపతి కుర్చీలో కూర్చుని ఉండగా ఆయన పుట్టిన ఏడాదే తేలలేదు. అడ్జుటెంట్ జనరల్ శాఖ లెక్కలో 1951 మే 10. మిలటరీ సెక్రటరీ శాఖ లెక్కలో 1950 మే 10. రెండూ ఒకే హెడ్‌క్వార్టర్స్‌లో, ఆయన చేతికింద ఉన్న శాఖలే. పది లక్షలకు పైగా సైన్యం ఆయనకు సెల్యూట్ కొట్టింది గానీ, ఆ ఒక్క అంకె కొట్టలేదు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు మెట్లెక్కారు, ఫిబ్రవరి 10న పిటిషన్ వెనక్కి తీసుకున్నారు, మే 31న 1950 లెక్క ప్రకారమే ఇంటికెళ్లారు. దండయాత్రకు ఆజ్ఞ ఇవ్వగల మనిషి గుమాస్తా గడికి లొంగిపోయాడంటే, మన మాజీ సిపాయి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

వెళ్లాడు. అలాంటి వాళ్ల కోసమే 2007లో చట్టం చేసి 2009 నుంచి సాయుధ దళాల ట్రిబ్యునల్ నడుపుతున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో రావాలన్నది అక్కడి గడువు. పెన్షన్ ఎగవేత నెలనెలా కొత్తగా జరిగే అన్యాయం కాబట్టి ఆలస్యమైనా వినొచ్చని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తలుపు తీసింది. తీస్తూనే చిన్న గొళ్లెం పెట్టింది, బకాయిలు మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లవే. మనవాడు 2012లో కేసు వేసి, ట్రంకు పెట్టెలోంచి ఏదో పాత రసీదు బయటపడి, గెలిచాడనే అనుకుందాం. 1978 నుంచి ముప్పై నాలుగేళ్లు. చేతికొచ్చేది మూడేళ్లది. ముప్పై ఒక్క ఏళ్ల పెన్షన్ ఖజానాకు మిగులు. ఇంత లాభం తెచ్చిన పొరపాటును దిద్దమని ఏ ఆర్థిక సలహాదారు మాత్రం ఫైలు మీద రాస్తాడు?

అయితే ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందని అనలేం. 2022లో అగ్నిపథ్ తెచ్చింది. నాలుగేళ్ల కొలువు, ఆఖర్న నూటికి పాతికమందికి మించకుండా ఉంచుకుంటారు, మిగతా కుర్రాళ్లు సేవానిధి డబ్బు తీసుకుని ఇంటికి. వాళ్లకు పెన్షన్ లేదు, రిజర్వూ లేదు. కాబట్టి రిజర్వు గడిలో తప్పు తేదీ పడే ప్రమాదమూ లేదు. ఇన్నేళ్లుగా రికార్డు ఆఫీసులు దిద్దలేకపోయిన ఆ గడిని ఢిల్లీ ఒక్క ప్రకటనతో ఫారంలోంచే పీకేసింది.