‘అనే నేను’కు టీకా తాత్పర్యం

మూలం: అనే నేను.

అవతారిక: 2023 డిసెంబర్ 7న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో కొడంగల్ ఎమ్మెల్యే రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అవుతున్నారు. దౌల్తాబాద్ ఆ నియోజకవర్గపు మండలమే కనుక చాయ్ హోటల్ టీవీ ముందు కాలు పెట్టే సందు లేదు. పేరు చెప్పి ‘అనే నేను’ అనగానే ఈలలు. తక్కిన ప్రమాణమంతా ఈలల్లో కొట్టుకుపోయింది. మిగిలిన రెండు మాటలకే ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థం: అనే = అని పిలవబడునట్టి; నేను = నేనే, మరొకరు కారు.

పూర్వపక్షం: ‘మల్లయ్య అనేటాయన వచ్చిండు’ అంటే ఆ మల్లయ్య ముక్కూమొహం ఎరగమని. పక్క బల్ల మీది పెద్దాయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ అడిగిందీ ఇదే: “మనకెరికున్నోడే గదా, మల్ల ‘అనే’ ఎందుకు?”

సమాధానం: చెప్పేది మనకు కాదు, రాజ్యాంగానికి. దానికి ఎవరి మొహమూ తెలియదు. మూడో షెడ్యూలు ఇంగ్లీషు ప్రతిలో పేరుండాల్సిన చోట ‘ఏ.బి.’ అని రెండక్షరాలుంటాయి, అంతే.

విశేషం: ఇంగ్లీషులో, హిందీలో ‘నేను’ ముందు, పేరు వెనక. తెలుగులో బ్యాండుమేళం వెనక పెండ్లికొడుకు వచ్చినట్టు పేరు వెనక ‘నేను’ వస్తుంది. క్రియ మరీ చివర. అందాకా ఊపిరి బిగబట్టాల్సిందే.

పాఠభేదం: 2009 జనవరి 20న అమెరికాలో ప్రధాన న్యాయమూర్తి ఒక్క క్రియావిశేషణాన్ని చోటు తప్పించి చదివించారు. ఒబామా మర్నాడు మళ్లీ ప్రమాణం చేశారు. మన వ్యాకర్తలు కూడా ఇంత పట్టింపు చూపలేదు.

ముహూర్త విచారం: ముఖ్యమంత్రి ప్రమాణానికి మధ్యాహ్నం 1.04 అని నిమిషాలతో సహా పెట్టుకున్నాం. రాష్ట్రపతికి ఆ బాధ లేదు. 1977 జూలై 25న మన నీలం సంజీవరెడ్డి ప్రమాణం చేశారు. ఆయన తర్వాత వచ్చిన ప్రతివారూ అయిదేళ్లూ నిండుగా ఉండడంతో తేదీ అక్కడే పాతుకుపోయింది. 2022లో ద్రౌపదీ ముర్ముకు అది ఆషాఢ బహుళంలో పడింది. ఆషాఢంలో మా వైపు బోరుకు కొబ్బరికాయైనా కొట్టరు. పార్లమెంటులో ప్రమాణం జరిగింది, 21 తుపాకుల వందనమూ దక్కింది.

ప్రయోగాంతరం: ఒక పంచాయతీ ఆఫీసు ముందు, షామియానా కింద, వార్డు మెంబరుగా గెలిచినామె రెండు చేతులతో కాగితం పట్టుకుంది. పేరు చదివింది. ‘అనే’ అంది. ఆగింది. వెనక నిల్చున్న పెనిమిటి గట్టిగా “నేను” అని అందించాడు.

చదివిస్తున్న ఆఫీసరు తలెత్తి ఇద్దరినీ చూశాడు. ఆమె కొంగు సర్దుకుని మళ్లీ పేరు దగ్గరి నుంచి మొదలుపెట్టింది.